యాక్సిలు బూటుకు పట్టీయే ప్రాణము

ముందు చక్రములను ఇంజను త్రిప్పు కార్లలో, ఆ చక్రముల వెనుక, మడతలు మడతలుగా పోతపోసిన నల్లని రబ్బరు తొడుగొకటి యుండును. మన మెకానిక్కులు దానిని యాక్సిలు బూటు అందురు. అది చినిగినప్పుడు షెడ్డునకు పోయి క్రొత్తది వేయించుకొనువారే కాక, ఆదివారమునాడు ఇంటి ముంగిట జాకీ ఎత్తి స్వహస్తములతో వేసికొనువారును ఇటీవల మన పట్టణములలో కనబడుచున్నారు. పనిముట్లు సులభముగా లభించుచున్నవి, విడిభాగములు ఇంటికే వచ్చుచున్నవి, యంత్రమన్నచో వెనుకటి తరమువారికుండిన బెరుకు నేటి యువకులకు లేదు. ఇది నాకు నిండు సంతోషము కలిగించు మార్పు. అయితే ఈ పని ఇండ్లలోను షెడ్లలోను జరుగు తీరును చూచిన కొలది నాకొక అభిప్రాయము దృఢపడినది. బూటును ఎంచుకొనుటలోను, యాక్సిలును ఊడదీయుటలోను, గ్రీజు నింపుటలోను మనవారు చూపు శ్రద్ధలో నాలుగవ వంతైనను, ఆ బూటు రెండంచులను పట్టి నిలుపు పట్టీలయెడ చూపుట లేదు. పూటంతయు శ్రమపడి, చేతులు నల్లనయి, నడుము పట్టివేసిన తరువాత, చిట్టచివర మిగిలిన ఆ పట్టీని చేతికి దొరికిన తీగతోనో ప్లాస్టిక్ ముక్కతోనో సరిపెట్టి లేచిపోవుదురు. క్రొత్త బూటు చినుగకయే పని చెడుటకు తరచుగా కారణమిదియే.

ఈ బూటు మన రోడ్లకు బహుకాలముగా పరిచితమైనది కాదు. అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని మన రహదారుల నేలిన దినములలో ఇంజను ముందుండినను అది త్రిప్పునది వెనుక చక్రములను; నడుమ పొడవైన ప్రొపెల్లర్ షాఫ్టు, దాని కొనలయందు 17వ శతాబ్దపు ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ పేర ప్రసిద్ధమైన కీలు, మన మెకానిక్కుల మాటలో యూజే క్రాసు. దానికి బూటుతో పనిలేదు. గ్రీజు గన్నును నిపిలుకు తగిలించి రెండుమూడు నొక్కులు నొక్కినచో క్రొత్త గ్రీజు లోనికి పోవును, పాతది మురికితో గూడ వెలుపలికి వచ్చును. మరచినను కొంతకాలము ఓర్చుకొనును. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చి, ఇంజనును అడ్డముగా అమర్చి ముందు చక్రములనే త్రిప్పు పద్ధతిని మధ్యతరగతి వాకిళ్ళకు చేర్చిన పిమ్మట స్థితి మారినది. నేడు మన వీథులలో నడచు చిన్న కార్లలో అత్యధికము ఆ పద్ధతివే.

ముందు చక్రము తిరుగుటతో సరిపోదు. స్టీరింగు ననుసరించి ప్రక్కకు మళ్ళవలెను, గుంతలో పడి లేవవలెను. హుక్ కీలు వంగి తిరిగినప్పుడు, ఒక చుట్టులో రెండుమార్లు వేగము హెచ్చి రెండుమార్లు తగ్గును. వంపు స్వల్పమైనచో ఆ భేదము తెలియరాదు గాని, మలుపులో 40 డిగ్రీలకు మించి వంగవలసిన చోట అది స్టీరింగు పట్టిన చేతికి కుదుపుగా తెలియును. ఈ చిక్కును విడదీయుటకు ఫ్రాన్సులో జాన్ ఆల్బేర్ గ్రెగువార్ 1920లలోనే పూనుకొనెను. ఆ దశకముననే ఫోర్డు సంస్థ ఇంజనీరైన ఆల్ఫ్రెడ్ రెజెప్పా కల్పించిన జాయింటు కాలక్రమమున మెరుగులు దిద్దుకొని ప్రపంచమంతట నిలిచినది. 1959లో అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ కారు ఆ జాతి జాయింటును సామాన్య కుటుంబమునకు అందుబాటులోనికి తెచ్చినది. గాడులు తీర్చిన ఉక్కు గిన్నె యొకటి, దాని నడుమ గాడులు గల మరియొక ఉక్కు బిళ్ళ, రెంటి నడుమ ఆరు గుండ్లు, ఆ గుండ్లను చెదరనీయక పట్టియుంచు పంజరము, ఇంతమాత్రమే దాని నిర్మాణము. షాఫ్టు ఎంత వంగినను, గుండ్లు ఆ వంపు కోణమును సరిసమముగా ఖండించు తలముననే నిలుచును గనుక, లోనికి వచ్చిన వేగమే ఎచ్చుతగ్గులు లేక వెలుపలికి పోవును.

ఇంత నాజూకైన పనితనము గల ఈ సీవీ (కాన్‌స్టంట్ వెలాసిటీ, అనగా సమవేగ) జాయింటుకు గ్రీజు ఎక్కించుకొను నిపిలు లేదు. ఫ్యాక్టరీలో ఒకసారి నింపిన గ్రీజే దాని ఆయుష్కాలమంతటికిని ఆధారము. ఆ గ్రీజును బయటకు పోనీయక, బయటి ధూళిని లోనికి రానీయక కాపాడు బాధ్యత యావత్తు ఆ బూటు మీదనే పడినది. నునుపుగా సాన పట్టిన గాడులలో దొర్లు గుండ్ల మధ్యకు చిటికెడు ఇసుక చేరినను, మాలిబ్డినము కలిపిన ఆ నల్లని గ్రీజు కందెనగా నుండుట మాని ఉక్కును తినివేయు పిండిగా మారును. కొన్ని వందల కిలోమీటర్లు గడచిన పిదప, స్టీరింగు పూర్తిగా త్రిప్పి కారును ముందుకు పోనిచ్చినప్పుడు చక్రము వెనుకనుండి టకటకమను చప్పుడు వినవచ్చును. ఆ చప్పుడు వినిపించిన నాటికి బూటు మార్చి ప్రయోజనము లేదు. గుండ్లు దొర్లు గాడులు అప్పటికే పల్లములు పడియుండును. వందల రూపాయలతో ముగియవలసినది వేలలోనికి పోవుట ఆ క్షణమునుండియే.

అమెరికావంటి దేశములలో బూటు చినిగినచో బూటు నొక్కదానినే మార్చు ఆచారము తగ్గి, యాక్సిలు మొత్తమును తీసివేసి మరమ్మతు చేసిన వేరొకదానిని అమర్చు పద్ధతి విరివిగా నడచుచున్నది. అచ్చట మనిషి గంట కూలి ఖరీదైనది, తయారైన యాక్సిలు చవుక. కావున ఆ లెక్క వారికి సరిపోవును. మన లెక్క వేరు. మన దేశమున శ్రమ ఇంకను అందుబాటులో నున్నది, మంచి యాక్సిలు ఖరీదైనది, చవుకగా దొరకు నకిలీ యాక్సిలు తన తొలి బూటు చినుగక ముందే చప్పుడు చేయునది. ఫ్యాక్టరీతో వచ్చిన జాయింటు చెడకుండగా దానికి క్రొత్త బూటు వేసి కాపాడుకొనుటయే మనకు వివేకము. ఆ వివేకము నిలుచుట మాత్రము పట్టీ మీద ఆధారపడియున్నది.

ఎందువలన ననగా, బూటు పడు బాధ సామాన్యమైనది కాదు. మారుతి 800 వంటి చిన్న చక్రముల కారు గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవునప్పుడు ఆ యాక్సిలు నిమిషమునకు 800 చుట్లకు పైబడి తిరుగును. ఆ భ్రమణమున లోపలి గ్రీజంతయు కేంద్రమునుండి దూరముగా తోసుకొనిపోయి బూటు గోడలకు అదిమి నిలుచును. కారు మలుపు తిరుగునప్పుడు ఒక ప్రక్క మడతలు చాగును, రెండవ ప్రక్క మడతలు ఒండొంటితో ఒరసికొనును. చక్రము తిరుగుచునే యున్నది గనుక, చాగిన మడత మరుక్షణమే ముడుచుకొనును, ముడుచుకొన్నది చాగును. ఈ లాగుడును ఈ తోపుడును అంచులకు చేరి, అచ్చట పట్టీని కదలించుటకు ఎడతెగక ప్రయత్నించుచుండును. నడిమి మడత చినిగినచో కంటికి కనబడును. అంచు వదులైనచో ఏమియు కనబడదు. గ్రీజు సన్నని పొరగా, ప్రయాణమునకు కొంచెము చొప్పున, వెలుపలికి జారి చక్రము లోపలి ముఖమున చిమ్మబడును. వర్షాకాలమున కాలువ పొంగిన రోడ్డులో నడచినప్పుడు ఆ దారినే నీరు లోనికి పోవును. కోతల దినములలో రాయలసీమ దారులమీద ఉలవ చెట్లను పరచి వచ్చిపోవు బండ్లచేత త్రొక్కించుట మనమెరుగుదుము. ఆ తీగలు యాక్సిలునకు చుట్టుకొని బిగిసినప్పుడు మొదట లాగబడునది పొడుచుకొని యున్న పట్టీ కొనయే.

ఇక పట్టీల తారతమ్యము. సిమెంటు పనిలో కమ్మీలు కట్టు బైండింగు వైరును రెండు చుట్లు చుట్టి కటింగు ప్లేయరుతో మెలిపెట్టుట కొన్ని షెడ్లలో నేటికిని కలదు. తీగ సన్నము గనుక రబ్బరును అంచంతట సమముగా అదుమజాలదు, కోసికొని దిగును. మెలిక పడిన చోట తీగ రబ్బరునుండి రవ్వంత పైకి లేచును, ఆ లేచిన చోటి క్రిందనే గ్రీజు దారి చేసికొనును. పాత సైకిలు ట్యూబు ముక్కను చుట్టి దానిమీద తీగ కట్టువారును కలరు. ఆ రబ్బరు నూనె తగిలిన కొలది ఉబ్బి మెత్తబడి జారునది. బూటును నియోప్రీనుతో చేయుటకు కారణమే నూనెకును ఎండకును అది తట్టుకొనుట. దానిని నూనెకు ఓర్వని రబ్బరుతో కట్టుట తెలియక చేయు పనియే యైనను, హాని మాత్రము తప్పదు.

ప్లాస్టిక్ కేబుల్ టైని గూర్చి కొంత నిదానముగా చెప్పవలసియున్నది, ఏలయన ఇంట బూటు వేసికొనువారు మిక్కిలిగా నమ్మునది అదియే. చవుక, చేతితో బిగియును, టకటక పండ్లు పడుచు లాగినంత వచ్చును, చూచుటకు ముచ్చటగా నుండును. వైర్లను కట్టుటకు అది నిజముగా మంచి సాధనము. కాని బూటునకు కావలసిన అదుము అది ఈయలేదు. దాని తల క్రింద అంచు చుట్టు సంపూర్ణము కాక చిన్న ఖాళీ మిగులును. బ్రేకు డిస్కు వేడికి, ఇంజను ఉష్ణమునకు, నూనె తడికి అది కాలక్రమమున పెళుసెక్కి ఒకనాడు తునుగును. ముఖ్యముగా తెలిసికొనవలసినది మరియొకటి. నేటి కార్లలో, విశేషించి చక్రమువైపున నుండు బయటి జాయింటులకు, మెత్తని నియోప్రీను బూట్లకు మారుగా గట్టి థర్మోప్లాస్టిక్ బూట్లు వచ్చుచున్నవి. వేలితో నొక్కినచో మెత్తగా లోనికి పోవునది మొదటిది. నొక్కినను లొంగక తిరిగి నిలుచునది రెండవది. రెండవ జాతి బూటునకు అంచును గాడిలోనికి కూర్చుండబెట్టవలెనన్నచో ఉక్కు పట్టీ బలమే కావలెను. ప్లాస్టిక్ టైని చేతనైనంత లాగినను ఆ అంచు లొంగదు. దారిలో పట్టీ తెగినప్పుడు ఇల్లు చేరుటకు కేబుల్ టై ఉపకరించును. ఇల్లు చేరిన పిదప అది బూటు మీద ఉండదగినది కాదు.

స్క్రూ క్లిప్పును నేను అంత తీవ్రముగా నిరాకరింపను. 1921లో బ్రిటిషు నౌకాదళాధికారి లమ్లీ రాబిన్సన్ పేటెంటు పొందిన ఆ క్లిప్పు, రేడియేటరు గొట్టములమీద నేటికిని చక్కగా పనిచేయుచున్నది. కాని గొట్టము కదలక యుండునది, యాక్సిలు తిరుగునది. తిరుగు దానిమీద ఒక ప్రక్క బరువైన స్క్రూ తల యుండుట సమతౌల్యమునకు మంచిది కాదు, ఆ తల వెలుపలికి పొడుచుకొనివచ్చి చక్రము వెనుకనున్న స్టీరింగు నకిలుకో, బ్రేకు సెన్సారు తీగకో తగిలినచో ప్రమాదమును కలదు. ఇంజనువైపున నుండు లోపలి జాయింటు బూటు పెద్ద అంచు వద్ద, చుట్టును చాలినంత స్థలమున్నచోట, వేరు గతి లేనప్పుడు వాడుకొని, యాక్సిలును చేతితో పూర్తి చుట్టు త్రిప్పి ఎచ్చటను తగులుట లేదని రూఢి చేసికొన్నచో కొంతకాలము నడచును. బయటి జాయింటున మాత్రము దానికి చోటు లేదు.

సరియైన పట్టీలు రెండు విధములు. మొదటిది బకిలు పట్టీ: సన్నని స్టెయిన్‌లెస్ ఉక్కు రేకును బూటు చుట్టు త్రిప్పి, బకిలులోనుండి లాగి, వెనుకకు మడచి, పైనున్న చిన్న నాలుకలను సుత్తితో మెల్లగా తట్టి మూసివేయుదురు. కారు ముందుకు పోవునప్పుడు యాక్సిలు తిరుగు దిశకు ఎదురుగా ఈ పట్టీని మడచవలెనని తయారీదారుల పనిపుస్తకములు చెప్పుచుండును. మన షెడ్లలో ఆ దిశను గమనించువారు అరుదు. రెండవది చెవి పట్టీ. స్విట్జర్లాండున హాన్స్ ఓటికర్ 1942లో స్థాపించిన సంస్థ పేరుతోనే దీనిని పిలుచువారు పలు దేశములలో కలరు. ఒక వలయము, ఆ వలయముమీద ఒకచోట రెండు కాళ్ళమీద పైకి లేచిన మడత. ఆ మడతయే చెవి. దానిని నొక్కుటకు వేరుగా ఒక పట్టకారు కలదు. ఆ పట్టకారు దవడలను చెవి రెండు కాళ్ళ మొదట, రేకును ఆనుకొనునంత దిగువగా, నిటారుగా నిలిపి మెల్లగా నొక్కినచో, కాళ్ళు ఒండొంటిని సమీపించును. వలయపు చుట్టుకొలత తగ్గును. పట్టీ క్రింది రబ్బరు రెండు ప్రక్కలను వెంట్రుకవాసి ఉబ్బి ఆగిపోవును. అచ్చటనే చేయి ఆపవలెను. పట్టకారు వాలినచో చెవి ఒకవైపునకు ఒరిగి పట్టీ మెలిపడును; తొందరపడి ఒక్కసారిగా నొక్కినచో చెవి మొదట రేకు చిట్లును. నొక్కిన పిదప బొటనవ్రేలును చూపుడువ్రేలును పట్టీమీద నిలిపి, దానిని బూటు చుట్టు జరుపజూడవలెను. రవ్వంతయు జరుగరాదు. జరిగినచో అది బిగియలేదు.

ఈ పట్టకారు లేక వడ్రంగులు మేకులు పీకు పట్టకారుతో పని జరుపువారున్నారు. దాని అంచు కత్తివలె పదునైనచో చెవిని కొరికివేయును. ఆకురాయితో ఆ పదును చంపి వాడినచో మెత్తని నియోప్రీను బూటునకు సరిపోవును. గట్టి బూటునకు సరిపోదు. దుకాణములో బూటు కిట్టుతోపాటు ఈ పట్టకారును కొనుట దండుగ యని తోచవచ్చును; ముందు చక్రములు రెండు, ఒక్కొక్క యాక్సిలునకు బూట్లు రెండు, మొత్తము నాలుగు; కారు ఆయుస్సులో అవి మార్చవలసిన పర్యాయములు లెక్కించినచో అది దండుగ కాదు.

యాక్సిలును ఊడదీయు విధానము కారు కారుకు వేరు గనుక దానిని ఇచ్చట విస్తరింపను. రెండు మాటలు మాత్రము అవశ్యము. హబ్బు నట్టును కారు నేలమీద నుండగనే వదులుచేసి, పిదప ఎత్తి, జాకీ నొక్కదానినే నమ్మక ఉక్కు స్టాండ్లపై నిలిపి, వెనుక చక్రములకు అడ్డు పెట్టవలెను. పని నడుమ యాక్సిలు లేని హబ్బు మీద కారు బరువు మోపి దొర్లించినచో బేరింగు చెడును. కారు క్రింద పడుకొని చేయు పనిలో ఈ మెలకువలను ఎన్నిమార్లు చెప్పినను అధికము కాదు.

పట్టీ బిగియుటకు అసలైన సన్నాహము దానికి ముందే జరుగవలెను. మూసిన వలయముగా వచ్చు చెవి పట్టీని యాక్సిలుమీదికి ముందుగనే ఎక్కించవలెను. షాఫ్టువైపు చిన్న పట్టీ మొదట, పిదప బూటు, పిదప జాయింటు. షాఫ్టు కొన పండ్లు క్రొత్త బూటు పెదవిని గీయకుండ వానిమీద టేపు చుట్టవలెను. బూటు కూర్చుండు గాడిని తుప్పు పోవునట్లు తీగ బ్రష్షుతో తోమి, పొడిగుడ్డతో తుడిచి, వ్రేలితో తడిమిచూడవలెను. కిట్టులో వచ్చిన గ్రీజంతయు, ఆ జాయింటుకు ఉద్దేశించిన గ్రీజే, కొంత గుండ్ల నడుమకు, తక్కినది బూటు లోపలికి పెట్టవలెను. సాధారణ ఛాసిస్ గ్రీజు పనికిరాదు. అయితే బూటు అంచు లోపలి ముఖమునను, గాడిలోను గ్రీజు మచ్చయైనను ఉండరాదు. పట్టీ ఎంత గట్టిదైనను, జిడ్డుమీద కూర్చున్న రబ్బరు తిరుగుటలో మెల్లమెల్లగా ప్రక్కకు జరుగును. మంచి పట్టీ వేసియు బూటు ఊడినదని విన్నప్పుడెల్ల నేను మొదట అడుగునది ఈ సంగతియే.

పెద్ద అంచు పట్టీని బిగించిన తరువాత, చిన్న అంచును బిగించుటకు ముందు, మొద్దుబారిన స్క్రూడ్రైవరు కొనను బూటు పెదవి క్రింద రవ్వంత దూర్చి, లోపల చిక్కిన గాలిని పోనీయవలెను. ఇది చిన్న పనిగా కనబడును గాని దీనిని విడిచినచో, వేడెక్కిన గాలి వ్యాకోచించి బూటును ఉబ్బించి అంచును త్రోయును, లేదా చల్లారినప్పుడు మడతలు లోనికి బొక్కపడి షాఫ్టును ఒరసికొనును. లోపలి జాయింటు చక్రము లేచి పడుటతోపాటు లోనికిని వెలుపలికిని జారునది గనుక, దానిని పనిపుస్తకమున చెప్పిన పొడవున నిలిపి గాలి తీసి, అటుపిమ్మట పట్టీ బిగించవలెను. మడతలు మెలిపడక, ఒండొంటికి సమాన దూరమున, సహజముగా నిలిచినచో పట్టీకి సగము బరువు తగ్గినట్లే.

నడుమ నిలువుగా చీల్చి, జాయింటు ఊడదీయకుండగనే తొడిగి జిగురుతో అతికించు బూట్లును అంగళ్ళలో కలవు. అతుకుకు కావలసిన పొడితనము, శుభ్రత కారు క్రింద లభించుట కష్టము. పాత గ్రీజులోని ఇసుకను కడిగివేయు అవకాశమును ఆ పద్ధతిలో పోవును. నేను వానిని ప్రోత్సహింపలేను.

ఇంటివద్ద ఈ పనులు చేయుట వృత్తిదారుల నోటిముందటి కూటిని తీయుటయేగదా యని కొందరందురు. వారి మాటలో ఆర్తి కలదు గాని సత్యము లేదు. స్వయముగా ఒక పట్టీని బిగించి చూచిన గృహస్థుడు, మంచి పనివాని చేతి విలువను తెలిసికొని, బేరమాడుటలో తగ్గును. ఆ పనికి ఎంత సమయము పట్టునో ఎరుగును గనుక, సగము కూలికి చేయుమని ఒత్తిడి చేయడు. షెడ్డులో తీగ చుట్టిన చేతిని నిందించుటకు ముందు, సరియైన పట్టీకి అధికముగా అయ్యెడు కొద్ది రూపాయలను ఈయనొల్లని కారు యజమానిని ప్రశ్నింపవలెను. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల యాక్సిలు పనిలో ఆరితేరిన హస్తములకు కొరత లేదు. సరియైన సరకును వారి చేతికి అందించుటలోనే కొరత.

ఆ కొరతకు మొదటి బాధ్యులు కిట్టులు అమ్మువారు. విడిగా అమ్మబడు బూటు కిట్టులు కొన్నిట పట్టీలు ఉండనే యుండవు. కొన్నిట బూటు గట్టి జాతిది, పట్టీ మెత్తని జాతిదానికి చాలునది. కొన్నిట ఏ కొలతయు అచ్చువేయని రేకు ముక్క. ప్రతి కిట్టులోను ఆ బూటు జాతికి తగిన రెండు ఉక్కు పట్టీలు, రెండు అంచుల వ్యాసములు, గ్రీజు తూకము, పట్టీని మడచు దిశ, వీనిని తెలుపు ఒక కాగితము, మన రాష్ట్రములలో అమ్మునప్పుడు తెలుగున, ఉండవలెనని నేను కోరుచున్నాను. విడిభాగముల దుకాణములవారు పట్టకారును కొనలేని వానికి కొద్ది రుసుముపై ఒకదినము వాడుకకు ఈయవచ్చును. ఐ.టి.ఐ.లలో రెండేండ్లు సాగు మోటారు మెకానిక్కు శిక్షణయందు, ప్రతి విద్యార్థియు నియోప్రీను బూటున కొకటి, థర్మోప్లాస్టిక్ బూటున కొకటి చొప్పున పట్టీ బిగించి, దానిని చేతితో త్రిప్పిచూపి ఉత్తీర్ణుడగునట్లు చేయుట ఏమంత కష్టము?

బ్రిటనులో మూడేండ్లు నిండిన కారునకు ఏటేట జరుగు ఎం.ఓ.టి. పరీక్షలో, సీవీ బూటు లేకపోయినను, ధూళిని అడ్డలేని స్థితిలో నున్నను, కారు ఉత్తీర్ణము కాదు. మన దేశమున సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. ఆ కాలమంతయు కారు క్రిందికి వంగి చూడవలెనని చట్టము నిర్బంధింపదు. ఏటేట పరీక్షలను తలమీదికి తెచ్చికొనుమని నేను కోరుట లేదు గాని, చట్టము చూడనిచోట యజమాని కన్నే చూడవలెను గదా.

బూటు వేసిన వారము పది దినములకు, కొన్ని వందల కిలోమీటర్లు నడచిన పిదప, స్టీరింగును ఒకవైపునకు పూర్తిగా త్రిప్పి, టార్చి వెలుగులో చక్రము లోపలి ముఖమును చూడవలెను. అచ్చట వలయాకారమున నల్లని జిడ్డు చిమ్మియున్నచో, అది బూటు ఏ అంచునకు సూటిగా నున్నదో గమనింపవలెను. పెద్ద అంచునకు ఎదురుగా నున్నచో పెద్ద పట్టీ, షాఫ్టు వైపున నున్నచో చిన్న పట్టీ వదలినదని తెలియును. ఆ దశలో బూటును మార్చనక్కరలేదు, గ్రీజు కొంత కలిపి పట్టీ నొక్కదానినే మార్చినచో చాలును. అయితే ఒకసారి నొక్కిన చెవిని విప్పి మరల నొక్కరాదు. విప్పినప్పుడే రేకు బలము చెడును. ఊడదీయకుండగనే చుట్టి కొక్కెము తగిలించి చెవి నొక్కుటకు వీలైన పట్టీలు కలవు. కిట్టు కొనునాడే అట్టివి రెండు, పెద్దదొకటి చిన్నదొకటి, అదనముగా కొని డిక్కీలో పానాల సంచిలో వేసికొనుట మేలు.